ఐక్లౌడ్ అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ రివ్యూ: తాళం గట్టిదే, అమ్మకమే ఎవరి చేతిలో ఉందో చూడాలి

ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన మీ పేరు నొక్కి, ఐక్లౌడ్‌లోకి వెళ్లి కిందికంటా జరిపితే అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ అనే వరుస కనిపిస్తుంది. ఐక్లౌడ్‌లో దాచిన మీ డేటాని తెరిచే కీ ఆపిల్ దగ్గర కాకుండా మీ పరికరాల్లోనే ఉండేలా చేసే స్విచ్ ఇది. పైసా ఖర్చు లేదు. ఉచితంగా ఇచ్చే 5 జీబీ ఖాతాకైనా పనిచేస్తుంది. విజయవాడలో ఉన్నవాళ్లు ఇవాళే ఆన్ చేసుకోవచ్చు. బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్న వాళ్ల పిల్లలు కొత్తగా ఆన్ చేద్దామంటే మాత్రం కుదరదు. బ్రిటన్‌లో కొత్త వినియోగదారులకు దీన్ని ఇక ఇవ్వలేమని ఆపిల్ ఒక ముక్కలో చెప్పేస్తుంది. 2025 ఫిబ్రవరి 21న మొదలైన ఈ నిలుపుదల ఆ ఏడాది అక్టోబరుకి కూడా తొలగలేదు.

అందుకే ఈ రివ్యూలో రెండు మార్కులు. ఇంజినీరింగ్‌కి ఐదుకు నాలుగున్నర. పదేళ్లపాటు దీన్నే నమ్ముకుని కూర్చోవచ్చా అన్నదానికి మూడు. మూడు ఎందుకో చెప్పాలంటే ముందు లోపల ఏముందో చూడాలి.

ఆన్ చేస్తే మారేది ఏమిటి

మామూలు ఐక్లౌడ్‌లో కూడా డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోనే, ఉంటుంది. ప్రశ్నల్లా కీ ఎవరి దగ్గర ఉందన్నదే. ఫోటోలు, నోట్స్, ఫోన్ బ్యాకప్ లాంటివాటి కీలు ఆపిల్ డేటా సెంటర్లలో హెచ్‌ఎస్‌ఎమ్ అనే ప్రత్యేక యంత్రాల్లో ఉంటాయి. మీరు పాస్‌వర్డ్ మరిచిపోయినా ఆపిల్ మీ ఫోటోలు తిరిగి ఇప్పించగలిగేది అందుకే. చట్టప్రకారం ఆదేశం వస్తే అవే ఫోటోలు పోలీసులకు ఇవ్వగలిగేదీ అందుకే. పాస్‌వర్డులు, హెల్త్ వివరాలు, సఫారీ హిస్టరీ లాంటి 15 రకాల డేటాకు మాత్రం ముందునుంచీ కీ మీ పరికరాల్లోనే ఉంటుంది. ఈ స్విచ్ వేస్తే ఇంకో 10 చేరి లెక్క 25 అవుతుంది. ఆ పది ఇవీ: ఫోన్ బ్యాకప్, ఐక్లౌడ్ డ్రైవ్, ఫోటోలు, నోట్స్, రిమైండర్లు, సఫారీ బుక్‌మార్కులు, సిరి షార్ట్‌కట్లు, వాయిస్ మెమోలు, వాలెట్ పాసులు, ఫ్రీఫామ్.

ఈ పదిలో తొమ్మిది ఒక ఎత్తు, బ్యాకప్ ఒక్కటే ఒక ఎత్తు. మెసేజెస్ యాప్‌కి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మధ్యలో కంపెనీ కూడా చదవలేని తాళం) ఉందని ఆపిల్ చెప్పేది నిజమే. కానీ ఐక్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఆ మెసేజ్‌ల కీ కాపీ ఒకటి బ్యాకప్‌లోకి చేరుతుంది. బ్యాకప్‌ని తెరిచే కీ ఆపిల్ దగ్గర. అంటే స్విచ్ వేయని ఫోన్‌లో మెసేజ్‌లకు వేసిన తాళం చెవి గడప మీదే పెట్టినట్టు. దర్యాప్తు సంస్థలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 2015 చివర్లో శాన్ బెర్నార్డినో కాల్పుల కేసులో నిందితుడి ఐఫోన్ తెరవలేక ఎఫ్‌బీఐ ఆపిల్‌ని కోర్టుకీడ్చిన గొడవ అందరికీ గుర్తే. అదే కేసులో పాత ఐక్లౌడ్ బ్యాకప్‌లను ఆపిల్ అప్పటికే ఇచ్చేసిందన్నది చాలామందికి తెలియదు. బ్యాకప్‌లకు పూర్తి ఎన్‌క్రిప్షన్ తేవాలన్న ఆలోచనను ఎఫ్‌బీఐ అభ్యంతరాల తర్వాత ఆపిల్ పక్కన పెట్టిందని 2020 జనవరిలో రాయిటర్స్ రాసింది. చివరికి 2022 డిసెంబరులో అమెరికాలో, 2023 జనవరిలో ఐఓఎస్ 16.3తో మిగతా దేశాల్లో ఈ స్విచ్ వచ్చింది.

స్విచ్ వేసిన క్షణంలో జరిగేది ముచ్చటగా ఉంటుంది. మీ ఫోన్ ముందు మీ మిగతా పరికరాలకు కబురు చెబుతుంది. తర్వాత హెచ్‌ఎస్‌ఎమ్‌లలో ఉన్న ఆ సర్వీసుల కీలను చెరిపేయమంటుంది. ఆ చెరపడం అప్పటికప్పుడు జరుగుతుంది, వెనక్కి తిరిగే దారి ఉండదు. అంతటితో ఆగకుండా ఒక్కో సర్వీసుకీ కొత్త కీ తయారు చేస్తుంది. కాబట్టి పాత కీ కాపీ ఎక్కడైనా మిగిలి ఉన్నా, ఆ తర్వాత రాసిన డేటా దానికి తెరుచుకోదు. నెట్ మధ్యలో పోయి ఈ మార్పిడి ఆగిపోతే, పూర్తయ్యేదాకా ఫోన్ మళ్లీమళ్లీ ప్రయత్నిస్తుంది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి, బ్రిటన్ కథ అర్థం కావాలంటే ఇదే కీలకం. స్విచ్ ఆఫ్ చేస్తే మీ ఫోనే ఆ కీలను తిరిగి ఆపిల్ సర్వర్లకు పంపుతుంది. ఆపిల్ తనంతట తాను ఆ కీలు తెచ్చుకోవడం కుదరదు.

తాళం వేసి గొళ్లెం మరిచే చోట్లు

ఐక్లౌడ్ మెయిల్, కాంటాక్ట్స్, క్యాలెండర్ ఈ రక్షణలో లేవు, రావు కూడా. ఐమ్యాప్, కార్డ్‌డావ్, క్యాల్‌డావ్ అనే పాత పద్ధతుల్లో ఇతర యాప్‌లతో మాట్లాడాలి కాబట్టి వాటి కీలు ఆపిల్ దగ్గరే ఉంటాయి. మీరు ఎవరెవరిని కలిశారు, ఎప్పుడు కలిశారు అన్నది క్యాలెండర్‌లో పెట్టుకునే వకీళ్లూ విలేకరులూ ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి.

మెటాడేటాదీ, అంటే ఫైలు గురించిన వివరాలదీ, ఇదే కథ. ఫోటో కనిపించదు కానీ ఆ ఫైలు చెక్‌సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య), సైజు, తీసిన తేదీ, మార్చిన తేదీ, ఫేవరెట్ చేశారా, దాచారా, ఎన్నిసార్లు చూశారు అన్నవి ఆపిల్ చదవగలిగే రూపంలోనే ఉంటాయి. బ్యాకప్‌కి సంబంధించి పరికరం పేరు, మోడల్, సీరియల్ నంబరు కూడా అంతే. చెక్‌సమ్ మామూలు విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఒక ఫైలు ప్రభుత్వం దగ్గర ముందే ఉంటే, అదే ఫైలు మీ ఖాతాలో ఉందో లేదో తెరవకుండానే పోల్చి చూడొచ్చు.

పంచుకునే దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. షేర్డ్ ఫోటో లైబ్రరీ, డ్రైవ్‌లో పంచుకున్న ఫోల్డర్లు, పంచుకున్న నోట్స్ ఎండ్-టు-ఎండ్‌గా ఉండాలంటే అందులో ఉన్న ప్రతి ఒక్కరూ స్విచ్ వేసి ఉండాలి. పెళ్లి ఫోటోలు చుట్టాలందరికీ పంచడానికి వాడే షేర్డ్ ఆల్బమ్‌కి ఈ రక్షణ అసలు వర్తించదు. లింకు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు అని పెట్టిన ఫైళ్లకూ, పేజెస్, నంబర్స్‌లో నలుగురు కలిసి రాసే డాక్యుమెంట్లకూ కూడా లేదు. మెసేజ్‌లలోనూ మీ వైపు తాళం వేసుకుంటే సరిపోదు. అవతలి మనిషి మామూలు బ్యాకప్ వాడుతుంటే మీ మాటలు అతని బ్యాకప్‌లోంచి బయటికొస్తాయి.

ఆన్ చేసే ముందు

ముందు పరికరాల జాబితా చూడండి. ఒకే ఆపిల్ ఖాతాలో ఉన్న ప్రతి పరికరమూ కనీసం ఐఓఎస్ 16.2, ఐప్యాడ్ఓఎస్ 16.2, మ్యాక్ఓఎస్ 13.1, వాచ్ఓఎస్ 9.2 స్థాయిలో ఉండాలి. విండోస్ కంప్యూటర్‌లో ఐక్లౌడ్ యాప్ 14.1 ఉండాలి. ఇంట్లో అల్మారాలో పడి ఉన్న ఐఫోన్ 7 ఒక్కటి ఆ ఖాతాలో మిగిలి ఉన్నా ఫోన్ అడ్డం చెబుతుంది, ఎందుకంటే అది ఐఓఎస్ 15 దాటదు. దాన్ని ఖాతాలోంచి తీసేయక తప్పదు. తీసేసే ముందు అందులో మాత్రమే ఉన్న ఫోటోలేమైనా ఉంటే బయటికి తీసుకోండి. ఆఫీసు ఇచ్చిన మేనేజ్డ్ ఖాతాలకూ పిల్లల ఖాతాలకూ ఈ స్విచ్ రాదు. ఖాతాకి టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తోపాటు కోడ్ కూడా అడిగే పద్ధతి), ఫోన్‌కి పాస్‌కోడ్ రెండూ ఉండి తీరాలి.

తర్వాత వచ్చేది జనం తొందరపడి తప్పు చేసే మెట్టు. కీ ఇక ఆపిల్ దగ్గర ఉండదు కనుక, పోగొట్టుకుంటే ఏం చేస్తారో ముందే చెప్పమంటుంది. రెండు దారులున్నాయి. ఒకటి రికవరీ కాంటాక్ట్. ఐదుగురిని దాకా పెట్టుకోవచ్చు; 13 ఏళ్లు నిండినవాళ్లు, ఆపిల్ పరికరం వాడేవాళ్లు అయి ఉండాలి. వాళ్లకు మీ డేటా కనిపించదు, అవసరమైన రోజున వాళ్ల ఫోన్లో వచ్చే కోడ్ మీకు చదివి చెబుతారు, అంతే. రెండోది 28 అక్షరాల రికవరీ కీ. కాగితం మీద రాసి, దాన్ని మళ్లీ టైపు చేసి చూపించాలి.

కీ ఒక్కటే పెట్టుకుని దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అదే ఐఫోన్ ఫోటోల్లో దాచేవాళ్లు ఎక్కువ. ఫోన్ పోయిన రోజున ఆ స్క్రీన్‌షాటూ దాంతోపాటే లోపల ఇరుక్కుపోతుంది. రెండూ పెట్టుకోవడమే మేలు. కాంటాక్ట్‌లుగా ఇంట్లో ఒకరిని, వేరే ఊళ్లో ఒకరిని పెట్టండి. భార్యాభర్తలు ఒకరికొకరు మాత్రమే కాంటాక్ట్‌లుగా ఉండి, ఒకే ప్రయాణంలో ఇద్దరి ఫోన్లూ ఒకే బ్యాగులో పోతే ఇద్దరూ బయటే ఉండిపోతారు. కీ కాగితాన్ని ఇంటి దస్తావేజులు ఉన్నచోట ఉంచండి. అన్ని దారులూ మూసుకుపోతే ఆపిల్ కస్టమర్ కేర్ చేయగలిగింది ఏమీ లేదు. మా చేతుల్లో లేదని కస్టమర్ కేర్ అన్నప్పుడు నమ్మదగిన అరుదైన సందర్భం ఇది.

ఆన్ అయ్యాక ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో ఫోటోలూ ఫైళ్లూ కనిపించడం మానేస్తాయి. పాడైపోయిందని కంగారు పడొద్దు, వెబ్ ప్రవేశం తనంతట తానే మూతపడుతుంది. కావాలంటే విడిగా తెరుచుకోవచ్చు. అప్పుడు మీ ఫోన్‌లో అనుమతి నొక్కిన ప్రతిసారీ గంటసేపు బ్రౌజరుకి తాత్కాలికంగా కీలు అందుతాయి. నెట్ సెంటర్ కంప్యూటర్లో ఆ పని చేయకపోవడమే మంచిది.

బ్రిటన్ ఏం అడిగింది

బ్రిటన్‌లో 2016 నాటి ఇన్వెస్టిగేటరీ పవర్స్ యాక్ట్ ఉంది. దాని 253వ సెక్షన్ కింద హోం మంత్రి ఒక కంపెనీకి టెక్నికల్ కెపాబిలిటీ నోటీసు ఇవ్వొచ్చు. ఇది ఫలానా మనిషి డేటా ఇవ్వు అనే వారెంటు కాదు. వారెంటు వచ్చిన రోజున ఇవ్వగలిగేలా నీ వ్యవస్థను సిద్ధం చేసి ఉంచు అనే ఆదేశం. నోటీసు అందుకున్న కంపెనీ, అనుమతి లేకుండా అందిందని కూడా బయటికి చెప్పకూడదు. అలాంటి నోటీసు 2025 జనవరిలో ఆపిల్‌కి చేరిందని ఫిబ్రవరి 7న వాషింగ్టన్ పోస్ట్ రాసింది. బ్రిటన్‌లోనే కాదు, ప్రపంచంలో ఎక్కడి ఖాతానైనా తెరిచే వీలు కావాలన్నది ఆ నోటీసులో అడిగినదని వార్త.

రెండు వారాలకు ఆపిల్ తీసుకున్న నిర్ణయం: ప్రభుత్వం కోసం ఎన్‌క్రిప్షన్‌కి వెనక తలుపు పెట్టలేదు, బ్రిటన్‌లో కొత్త వినియోగదారులకు ఆ స్విచ్‌నే ఆపేసింది. అప్పటికే ఆన్ చేసుకున్నవాళ్ల సంగతి మరోలా ఉంది. వాళ్ల కీలు ఆపిల్ దగ్గర లేవు కనుక కంపెనీ తానుగా ఆఫ్ చేయడం కుదరదు. వాళ్లే ఆఫ్ చేసుకోవడానికి గడువు ఇస్తామని, ఐక్లౌడ్ వాడుతూ ఉండాలంటే అది తప్పదని చెప్పింది. పైన మూడు మార్కులే ఎందుకు పడ్డాయో ఇక్కడుంది. గణితాన్ని ఎవరూ ఛేదించలేదు, ఛేదించాల్సిన అవసరమూ రాలేదు. తాళం అమ్మే కొట్టు ఒక్కటే అయినప్పుడు ఆ కొట్టు షట్టర్ దింపిస్తే చాలు.

తర్వాతి నెలల్లో వ్యవహారం మలుపులు తిరిగింది. ఇలాంటి నిఘా అధికారాలపై ఫిర్యాదులు వినే ఇన్వెస్టిగేటరీ పవర్స్ ట్రిబ్యునల్‌కి ఆపిల్ వెళ్లింది. మార్చి 14న విచారణ తలుపులు మూసి జరిగింది. కేసు ఉందన్న సంగతి కూడా దాచాలన్న హోం శాఖ వాదనను ట్రిబ్యునల్ ఒప్పుకోలేదని ఏప్రిల్ 7న బయటపెట్టిన తీర్పుతో తెలిసింది. ప్రైవసీ ఇంటర్నేషనల్, లిబర్టీ అనే హక్కుల సంస్థలు విడిగా సవాలు చేశాయి. ఆగస్టులో అమెరికా నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ తులసీ గబార్డ్, బ్రిటన్ ఆ డిమాండు వదులుకోవడానికి ఒప్పుకుందని ప్రకటించారు. చాలామంది అప్పుడే పండగ చేసుకున్నారు. అక్టోబరు 1న ఫైనాన్షియల్ టైమ్స్ రాసిన దాని ప్రకారం సెప్టెంబరులోనే మరో నోటీసు వెళ్లింది, ఈసారి బ్రిటన్ వినియోగదారుల డేటా వరకు పరిమితం చేసి. అమెరికా అభ్యంతరం ప్రధానంగా అమెరికన్ల డేటా గురించి. ఆ ముల్లు తీసేస్తే మిగిలింది బ్రిటన్‌లో ఉండేవాళ్లు, వాళ్లలో లండన్, స్లౌ, లెస్టర్‌లలో ఉన్న మన డాక్టర్లూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ విద్యార్థులూ ఉన్నారు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లు చేయగలిగింది

స్విచ్ ఇప్పటికే ఆన్‌లో ఉంటే ఊరికే ఆఫ్ చేసి చూద్దాం అనుకోవద్దు. ఒకసారి ఆఫ్ చేస్తే కీలు వెళ్లిపోతాయి, మళ్లీ ఆన్ చేసుకునే వీలు ఉండదు. లేనివాళ్లకు ఐక్లౌడ్ బ్యాకప్ మానేసి కంప్యూటరులో బ్యాకప్ తీసుకోవడం అన్నిటికన్నా తేలిక. మ్యాక్‌లో ఫైండర్, విండోస్‌లో ఆపిల్ డివైసెస్ యాప్ తెరిచి, కేబుల్ పెట్టి, ఎన్‌క్రిప్ట్ లోకల్ బ్యాకప్ అన్న గడి టిక్ చేయాలి. ఆ గడి టిక్ చేస్తేనే పాస్‌వర్డులు, హెల్త్ వివరాలు కూడా అందులోకి వస్తాయి. ఈ బ్యాకప్ పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ బ్యాకప్ పోయినట్టే. వారానికోసారి కేబుల్ పెట్టే ఓపిక లేనివాళ్లకు ఈ దారి పనికిరాదు.

వాట్సాప్‌కి విడిగా ఎండ్-టు-ఎండ్ బ్యాకప్ ఉంది. సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్ దగ్గర పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పెట్టుకోవచ్చు. ఆపిల్ స్విచ్‌తో దీనికి సంబంధం లేదు, లండన్‌లోనూ పనిచేస్తుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఫోన్ మొత్తానికి ఐక్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే, వాట్సాప్ చాట్‌ల మామూలు కాపీ కూడా దాంట్లోకి వెళ్తుందని వాట్సాపే తన సహాయ పేజీలో చెబుతుంది. ఐక్లౌడ్ బ్యాకప్ ఆపకుండా వాట్సాప్‌లో మాత్రం తాళం పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఎందరో.

ఫైళ్లకు క్రిప్టోమేటర్ అనే యాప్ బాగుంది. ఓపెన్ సోర్స్, కంప్యూటర్‌లో డబ్బు అడగదు. ఐక్లౌడ్ డ్రైవ్ లోపలో గూగుల్ డ్రైవ్ లోపలో ఒక వాల్ట్ (తాళం వేసిన ఫోల్డరు) సృష్టిస్తుంది, ఫైళ్లు మీ యంత్రంలోనే ఎన్‌క్రిప్ట్ అయ్యాకే పైకి వెళ్తాయి. ఆండ్రాయిడ్ వాడేవాళ్లకూ ఇదే దారి, ఎందుకంటే వ్యక్తిగత గూగుల్ డ్రైవ్‌లో ఆపిల్ లాంటి స్విచ్ అసలు లేదు. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటే: వాల్ట్ తెరిచాక వచ్చే డ్రైవ్‌లో వేయాల్సిన ఫైళ్లను, డ్రైవ్ ఫోల్డరులో కనిపించే గజిబిజి పేర్ల మధ్య వేస్తారు. అలా వేసినవి ఎన్‌క్రిప్ట్ కావు. ఉన్న ఫైళ్లను వాల్ట్‌లోకి మార్చాక పాతవాటిని చెత్తబుట్టలోంచి కూడా తీసేయాలి. గూగుల్ డ్రైవ్ వాటిని 30 రోజులు ఉంచుతుంది. వాల్ట్‌లో ఉండే మాస్టర్‌కీ ఫైలు పొరపాటున చెరిగితే రికవరీ కీతోనే బయటపడాలి, అది వాల్ట్ పుట్టిన రోజే తీసి దాచుకోండి. పేర్లు, విషయం దాగుతాయి గానీ ఎన్ని ఫైళ్లు, ఎంత సైజు, ఎప్పుడు మార్చారు అన్నవి ఇక్కడా కనిపిస్తాయి. ఫోటో లైబ్రరీ మొత్తానికి దీన్ని వాడాలనుకోవద్దు, విసుగొచ్చి వారంలో వదిలేస్తారు.

ఇండియాలో

ఇక్కడ ఐటీ చట్టం 69వ సెక్షన్ ప్రభుత్వానికి డీక్రిప్ట్ చేయించే అధికారం ఇస్తుంది. సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు. 2018 డిసెంబరు 20న కేంద్ర హోం శాఖ 10 సంస్థలకు ఈ అధికారం కింద అనుమతి ఇచ్చింది. అయితే 2009 నాటి నిబంధనల్లో ఒక కంపెనీకి ఇచ్చే డీక్రిప్షన్ ఆదేశం ఆ కంపెనీ తాను ఎన్‌క్రిప్ట్ చేసినదానికో, కీ తన అదుపులో ఉన్నదానికో పరిమితమని రాసి ఉంది. కీ మీ ఫోన్లో ఉంటే కంపెనీని అడిగేది తగ్గి, మిమ్మల్ని అడిగేది పెరుగుతుంది. 69వ సెక్షన్ కంపెనీతో ఆగదు, చందాదారుడినీ అడగొచ్చు. బ్రిటన్‌లోనూ రిపా అనే దర్యాప్తు అధికారాల చట్టం 49వ సెక్షన్ కింద కీ చెప్పమని మనిషికే నోటీసు ఇవ్వొచ్చు. చెప్పకపోతే మామూలుగా రెండేళ్ల దాకా, దేశ భద్రత కేసుల్లో ఐదేళ్ల దాకా శిక్ష.

మీకు తెలియకుండా, మీ వెనక, కంపెనీని అడిగి డేటా తీసుకునే దారిని ఈ స్విచ్ మూస్తుంది. ఎదురుగా నిలబడి అడిగితే, లేదా ఫోన్ తెరిచి ఉండగానే చేతిలోంచి తీసుకుంటే దీని వల్ల ఉపయోగం లేదు. హైదరాబాద్‌లో ఉండి ఐఫోన్ వాడుతూ, రెండు రికవరీ దారులూ పెట్టుకునే ఓపిక ఉన్నవాళ్లు వేసుకోండి. వచ్చే సెప్టెంబరులో మాస్టర్స్‌కి బ్రిటన్ వెళ్లేవాళ్లు విమానం ఎక్కడానికి ముందే వేసుకోండి, కంప్యూటర్ బ్యాకప్ కూడా అలవాటు చేసుకోండి. అమ్మానాన్నల ఫోన్లో మాత్రం, వాళ్లకు రికవరీ కాంటాక్ట్‌గా మీరు ఉండి, కోడ్ ఎక్కడ దొరుకుతుందో మీ ఫోన్లో ఒకసారి తెరిచి చూసుకున్నాకే ఆన్ చేయండి.